ఆప్షన్ల ధర తగ్గిస్తే ఖర్చు ఎలా లెక్కించాలి?

లిస్టెడ్ కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. ఉద్యోగులకు ఇచ్చిన స్టాక్ ఆప్షన్ల (ముందే ఖాయం చేసిన ధరకు కంపెనీ షేరు కొనుక్కునే హక్కుల) ఎక్సర్‌సైజ్ ధర, అంటే ఆ ఖాయం చేసిన ధర, 100. షేరు 60కి పడిపోవడంతో బోర్డు ఆ ధరను కూడా 60 చేసింది. నాలుగేళ్ల వెస్టింగ్‌లో (ఆప్షన్లు చేతికి రావాలంటే ఉద్యోగంలో ఉండాల్సిన కాలంలో) సగం అయిపోయింది.

ఐఎఫ్ఆర్ఎస్ 2 (షేర్ల రూపంలో చేసే చెల్లింపులకు అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం) ప్రకారం గ్రాంటు రోజున, అంటే ఆప్షన్లు ఇచ్చిన రోజున, కట్టిన విలువను వదిలేయడానికి లేదు, మిగిలిన రెండేళ్లూ యథాతథంగా ఖర్చు రాయాల్సిందే. దానిపైన, ధర మార్చిన రోజున పాత షరతులతో ఒకసారి, కొత్త షరతులతో ఒకసారి విలువ కట్టి, పెరిగిన తేడాను కూడా ఆ రెండేళ్లకే పంచాలి. ఇంతవరకు అర్థమైంది. (షేరు పడినా పాత ఖర్చు తగ్గదని మేనేజ్‌మెంటుకు నచ్చజెప్పడం వేరే టెన్షన్.)

నా చిక్కల్లా పాత ఆప్షన్ విలువ దగ్గరే. షేరు ధర దాని ఎక్సర్‌సైజ్ ధరకంటే బాగా తక్కువగా ఉంది కాబట్టి ఉద్యోగులు దాన్ని వాడకుండా ఎక్కువ కాలం ఆగుతారు. అలాంటప్పుడు బ్లాక్-షోల్స్‌లో (ఆప్షన్ విలువ కట్టే సూత్రంలో) దాని ఎక్స్‌పెక్టెడ్ లైఫ్ (వాడేదాకా పట్టే అంచనా కాలం) కొత్తదానికంటే ఎక్కువ వేయొచ్చా? వేస్తే పాత విలువ పెరిగి తేడా తగ్గుతుంది, ఆడిటర్లు అనుమానంగా చూస్తారేమో. దాని బదులు లాటిస్ మోడల్ (షేరు ధర అంచెలంచెలుగా ఎలా మారొచ్చో చూసి విలువ కట్టే పద్ధతి) వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఇంకొకటి. డైల్యూటెడ్ ఈపీఎస్ (ఆప్షన్లు షేర్లుగా మారితే ఒక్కో షేరుకు వచ్చే లాభం) లెక్కలో, ఈ తేడాలో ఇంకా ఖర్చు రాయని భాగాన్ని కూడా ఎక్సర్‌సైజ్ ధరకు కలపాలా?