సుజానా హప్ పర్సులో ఆ రోజు రివాల్వర్ ఉండి ఉంటే?

టెక్సస్ బాబాయ్:
1991 అక్టోబర్ 16, టెక్సస్‌లోని కిలీన్. లూబీస్ కెఫెటీరియాలోకి ఒకడు పికప్ ట్రక్కుతో అద్దాలు పగలగొట్టుకుని దూసుకొచ్చి 23 మందిని చంపాడు. అమ్మానాన్నలతో భోంచేస్తున్న సుజానా పర్సులో చెయ్యి పెట్టింది. రివాల్వర్ లేదు, కారులో ఉంది. దాచి వెంట తీసుకెళ్ళడం అప్పట్లో నేరం. దొరికితే కైరోప్రాక్టర్ (వెన్నెముక, కీళ్ళు చేత్తో సరిచేసే వైద్యం) లైసెన్సు పోతుందని తనే కారులో పెట్టింది. నాన్న వాడి మీదికి ఉరికి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఈమె పగిలిన కిటికీలోంచి బయటపడింది. అమ్మ వెనకే వస్తోందనుకుంది. ఆవిడ భర్తని వదిలి రాలేదు, ఆవిడనీ కాల్చేశాడు. తర్వాత సుజానా రిపబ్లికన్‌గా గెలిచి 2007 దాకా టెక్సస్ సభలో ఉంది. తుపాకీ హక్కు గురించి మాట్లాడే అర్హత ఆమెకి కాక ఎవరికుంది?

తెనాలి మాస్టారు:
దుఃఖం వేరు, చట్టం వేరు బాబాయ్ గారూ. ఆ గందరగోళంలో గురి కుదిరేదా?

టెక్సస్ బాబాయ్:
కచ్చితంగా ఆపేదాన్నని ఆవిడా అనలేదు. ఒక అవకాశం ఉండేదంది.

చింతచిగురు:
దాచి పెట్టుకోవచ్చన్న చట్టం ఆవిడే తెచ్చిందిగా.

తెనాలి మాస్టారు:
కాదండీ. 1993లో గవర్నర్ ఆన్ రిచర్డ్స్ వీటో చేశారు. 1995లో తర్వాతి గవర్నర్ జార్జ్ డబ్ల్యూ. బుష్ సంతకం పెట్టారు. ఆ లైసెన్సులు 1996 జనవరి 1 నుంచి చెల్లాయి. ఈవిడ సభలో అడుగుపెట్టింది 1997లో.

టెక్సస్ బాబాయ్:
తారీఖులు ఎవడడిగాడు? ఊరూరా తిరిగి సాక్ష్యం చెప్పిందెవరు? తెనాలిలో కూర్చుని చెప్పడం తేలికే. అర్ధరాత్రి గ్యాస్ స్టేషన్‌లో కాఫీ మెషీన్ పక్కన బోర్లా పడుకుని, ముఖం పక్కనే తుపాకీతో వచ్చినవాడి బూటు చూసినవాణ్ణి నేను. లేసు ఊడిపోయి ఉంది, ఇప్పటికీ కళ్ళకు కడుతుంది.

తెనాలి మాస్టారు:
పోలీసులు ఎంతసేపటికి వచ్చారు?

టెక్సస్ బాబాయ్:
విషయం అది కాదు.

తెనాలి మాస్టారు:
అదే విషయం. ఎన్ని నిమిషాలు?

చింతచిగురు:
మాస్టారూ, వదిలెయ్యండి.

టెక్సస్ బాబాయ్:
అసలు నీకెందుకయ్యా మా టెక్సస్ గొడవ?

తెనాలి మాస్టారు:
ఎందుకా? మా అమ్మాయి అక్కడ ఎమ్మెస్ చేస్తోంది కాబట్టి. 2016 నుంచి లైసెన్సున్నవాళ్ళు ప్రభుత్వ యూనివర్సిటీలోకే తుపాకీ దాచి తీసుకెళ్ళొచ్చు. 2021 నుంచి బయట లైసెన్సే అక్కర్లేదు. 2023లో అక్కడి ఆలెన్ మాల్‌లో ఒకడు 8 మందిని చంపాడే, అందులో మన తెలుగమ్మాయి లేదూ? మొన్న మా పిల్ల ఈ సుజానా వీడియోనే పంపి, 'నేనూ ఒకటి కొనుక్కుంటా నాన్నా' అంది. మీలాంటి బాబాయిలు ఎక్కించిందే ఇదంతా. ఇంట్లో రెండ్రోజులుగా అన్నం సయించట్లేదు.

టెక్సస్ బాబాయ్:
ఆగండి. ఎఫ్1, అంటే స్టూడెంట్ వీసానా? అయితే కొననివ్వకండి. ఎఫ్1, హెచ్1బి (ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే మామూలుగా ఫెడరల్ నేరం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి కానీ వాటి జోలికి పోవద్దనండి.

తెనాలి మాస్టారు:
అంటే ఆ హక్కు మా పిల్ల ప్రాణానికి వర్తించదా?

టెక్సస్ బాబాయ్:
నా ప్రాణానికీ వర్తించలేదు. ఆ రాత్రి నాదీ ఎఫ్1. పోలీసులు ఎంతసేపటికొచ్చారన్నారుగా, రాలేదు. నేను పిలిస్తేగా. ఆ వీసా మీద అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చెయ్యకూడదు.

తెనాలి మాస్టారు:
మీ నంబర్ మెసేజ్ చెయ్యండి బాబూ. మా అమ్మాయి కూడా సాయంత్రాలు ఎక్కడికో పనికి వెళ్తోందని నాకు అనుమానం.