రంగం వెళ్ళొచ్చిన ముత్తాత సొంతూరు ఎలా కనుక్కోవాలి?

సామర్లకోట చిన్నోడు:
అందరికీ నమస్కారం. మా నాన్నగారి తాత రంగంలో (బర్మాలోని రంగూన్‌లో) కూలి పని చేసి, జపాన్ వాడు బాంబులేసినప్పుడు నడిచి వచ్చేశాడని ఇంట్లో చెబుతారు. దానికి ముందే, రాకపోకల్లో ఉండగా, పిఠాపురం దగ్గర ఒక పల్లెలో రెండెకరాలు కొన్నాడట. అసలు మావాళ్ళది ఏ ఊరో ఎవరికీ తెలీదు. "డొక్కల కరువుకి వచ్చాం" అని నాయనమ్మ అనేది. మా బాబాయేమో "మనవాళ్ళు విజయనగర రాజుల దగ్గర సేనానులు" అంటాడు. జనాభా లెక్కల వాళ్ళని అడిగితే పాత పేర్లు దొరుకుతాయా? ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

పాత దస్తావేజులు:
జనాభా లెక్కల మీద ఆశ పెట్టుకోకండి బాబూ. మన దగ్గర అంకెలు అచ్చేశారు గానీ ఇంటింటి పేర్ల కాగితాలు దాచలేదు. సేనానుల సంగతి కూడా ప్రస్తుతానికి పక్కన పెట్టండి. నాకు తెలిసిన ప్రతి ఇంట్లోనూ ఒక సేనాని ఉన్నాడు, కాగితం మాత్రం ఒక్కరి దగ్గరా లేదు.

ముందు తేల్చుకోవాల్సింది పేరు కాదు, ఆ పల్లె అప్పట్లో ఎవరి ఏలుబడిలో ఉందో. సర్కారు రైత్వారీ ఊరైతే, అంటే రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే ఊరైతే, పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో (ఆర్‌ఎస్‌ఆర్) పట్టాదారు పేరు దొరుకుతుంది. పిఠాపురం చుట్టుపక్కల ఊళ్ళు చాలావరకు జమీందారీవి. అక్కడ శిస్తు వసూలు చేసింది ఎస్టేటు, లెక్కలూ దివాణం దగ్గరే. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక గానీ ఆ ఊళ్ళలో రైతు పేరున సర్కారు సెటిల్‌మెంట్ జరగలేదు. అందుకే తహసీల్దారు ఆఫీసులో "ఆర్‌ఎస్‌ఆర్ ఇవ్వండి" అంటే లేదనేస్తారు. ఎస్టేటు ఊరికి అడగాల్సింది ఎస్‌ఎఫ్‌ఏ, అంటే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, ఆ సెటిల్‌మెంట్‌లో రాసిన భూమి లెక్క. అందులో మీ ముత్తాత పేరో, ఆయన కొడుకుల పేర్లో ఉండాలి.

అంతకంటే వెనక్కి పోవాలంటే రిజిస్ట్రారు ఆఫీసే దిక్కు. ఊరు జమీందారుదైనా క్రయ దస్తావేజు సర్కారు దగ్గరే రిజిస్టరు చేయాలి. 1860ల నుంచీ ఆ పద్ధతి ఉంది. ఆన్‌లైన్ ఈసీలో (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) 1983 తర్వాతవే వస్తాయి, అది మీకు పనికిరాదు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో పాత ఇండెక్సు పుస్తకాలు వెతికించమని అర్జీ పెట్టండి. ఒకటో నంబరు ఇండెక్సు మనుషుల పేర్ల మీద ఉంటుంది, రెండోది ఆస్తి మీద. మీకు సర్వే నంబరు తెలీదు కాబట్టి మొదటిదే అడగండి. ఆ ఊరు అప్పట్లో ఏ సబ్‌రిజిస్ట్రారు కిందకి వచ్చేదో కూడా కనుక్కోండి, ఇప్పటి హద్దులు అప్పుడు లేవు.

సామర్లకోట చిన్నోడు:
చాలా థాంక్స్ అండీ. అయినా అది కొన్న కాగితమే కదా, అసలు ఊరు ఎలా తెలుస్తుంది?

పాత దస్తావేజులు:
అక్కడే ఉంది కిటుకు. పాత దస్తావేజు మొదటి పేరా చదవండి. "ఫలానా గ్రామం కాపురస్తుడు, ఫలానా వారి కుమారుడు, కులం ఫలానా, జీవనం కూలి" అని వరసగా రాస్తారు. ఆయన రంగానికి వస్తూ పోతూ ఉండగా కొని ఉంటే కాపురం ఊరు వేరేగా ఉండే అవకాశం ఉంది. తండ్రి పేరుతో మీకు ఇంకో తరం చేతికొస్తుంది. తర్వాత హద్దులు చూడండి. "తూర్పు: నా తమ్ముడి భూమి" లాంటి మాట దొరికితే తప్పిపోయిన పాయ ఒకటి బయటపడ్డట్టే. చివర సాక్షుల సంతకాలు కూడా వదలొద్దు, వాళ్ళు బావమరుదులో వియ్యంకులో అయ్యుండొచ్చు. డబ్బు చాలక తాకట్టు పెట్టి ఉంటే ఆ కాగితం కూడా అదే ఇండెక్సులో తగులుతుంది.

గట్టు మీద మాస్టారు:
రంగం సంగతి నేను చెబుతాను. మారిషస్‌కో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కో వెళ్ళినవాళ్ళ వారసులు ఈ విషయంలో అదృష్టవంతులు. గిర్మిటియా కూలీకి, అంటే ఒప్పందం మీద వెళ్ళిన కూలీకి, ఒక నంబరు, తండ్రి పేరు, ఊరు, కులం, వయసు అన్నీ రాసి పెట్టారు. మారిషస్ వాళ్ళవి అక్కడి మోకా ఊళ్ళోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. నేటాల్‌కి మొదటి ఓడ 1860లో మద్రాసు నుంచే వెళ్ళింది. బర్మా అలా కాదు. 1937 దాకా అది బ్రిటిష్ ఇండియాలో భాగమే, పాస్‌పోర్టు గొడవ లేదు. మేస్త్రీ (కూలీల్ని కుదిర్చేవాడు) బయానా ఇచ్చి కాకినాడలోనో విశాఖలోనో ఓడెక్కించేవాడు. అప్పు మేస్త్రీ నోటు పుస్తకంలో, మనిషి డెక్కు మీద. కాబట్టి అటువైపు పేరు దొరకడం కష్టం. కాలం మాత్రం పట్టుకోవచ్చు. రంగూన్ మీద మొదటి బాంబులు 1941 డిసెంబరు 23న పడ్డాయి, మార్చికల్లా నగరం జపాన్ చేతికి పోయింది. నడిచి వచ్చారంటే ఆ నెలల్లోనే. కాబట్టి ఇండెక్సు 1942 నుంచి వెనక్కి వెతికించండి.

డొక్కల కరువంటే 1832-33, నందన నామ సంవత్సరం. ఎక్కువ దెబ్బ తిన్నది గుంటూరు ప్రాంతం. నాయనమ్మ మాట నిజమైతే మీ వేరు ఉత్తరాన కాకుండా కృష్ణ ఆవలి వైపు ఉండొచ్చు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలయ్యాక గోదావరి జిల్లాకి పని కోసం వచ్చినవాళ్ళూ ఉన్నారు, దాన్నీ మనసులో పెట్టుకోండి. అయితే కరువు పేర్లు జనం నోట కలిసిపోతాయి. ధాత కరువు 1876-77ది, దాన్ని కూడా ఎవరో డొక్కల కరువనేసి ఉండొచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఇంకెవరైనా ఉంటే "కరువు ఎప్పుడు" అని కాకుండా "దారిలో ఏ ఏరు దాటారట" అని అడగండి.

నల్లగొండ కోడలు:
నేను మా అత్తగారి వైపు ఇదే వెతుకుతున్నా. తెలంగాణలో దారి వేరు. మాది జాగీరు (జాగీర్దారు ఏలే) ఊరు, దివానీ (నేరుగా నిజాం సర్కారుది) కాదు. 1949లో జాగీర్లు రద్దయ్యాకే సర్కారు లెక్కల్లోకి వచ్చింది. సేత్వార్ (సర్వే తర్వాత రాసిన మొదటి భూమి చిట్టా), 1954-55 ఖాస్రా పహాణీ (పొలం వారీ సాగు లెక్క) మా దగ్గర దొరికాయి. సేత్వార్ ఉర్దూలో ఉంటే పాత పట్వారీ ఇంటి పెద్దాయననో మసీదు దగ్గరి మౌల్వీ సాబ్‌నో బతిమాలుకోవాలి. నాదొక డౌటు. కాగితం మీద 1342 అని ఉంది, అది ఏ సంవత్సరం?

పాత దస్తావేజులు:
ఫసలీ అమ్మా అది, శిస్తు లెక్కల సంవత్సరం. 590 కలపండి, 1932-33 అవుతుంది. నిజాం ఇలాకాలో ఆ ఏడాది అక్టోబరులో మొదలయ్యేది, మద్రాసు వైపు జులైలో. తేదీ పక్కన ఆజూర్ లాంటి నెల పేరుంటే నిజాం లెక్కే.

నల్లగొండ కోడలు:
దండాలు సార్. ఇంకోటి, మా ఊరికి పిచ్చిగుంట్లవాళ్ళు (వంశాల పేర్లు పాడేవాళ్ళు) వచ్చి ఏడు తరాలు పాడి పోయేవాళ్ళట. నమ్మొచ్చా?

గట్టు మీద మాస్టారు:
పేర్ల వరస, ఏ ఊరి నుంచి ఏ ఊరికి మారారన్నది రాసుకోండి, అవి పనికొస్తాయి. యుద్ధాలు, బిరుదులు ఇచ్చేవాణ్ణి బట్టి పెరుగుతాయి. మీవాళ్ళెవరైనా గయకి వెళ్ళి పిండాలు పెట్టి ఉంటే అక్కడి పండాల (పిండాలు పెట్టించే పూజారుల) బహీ అనే పుస్తకంలో కూడా ఊరు, తండ్రి తాతల పేర్లు రాసి ఉండొచ్చు. ఇంట్లో తద్దినం పెట్టించే పురోహితుణ్ణి ముందు అడగండి, మూడు తరాల పేర్లు ఆయనకి నోటికొచ్చి ఉంటాయి.

సామర్లకోట చిన్నోడు:
మా ముత్తాత పేరు అప్పన్న. ఆ ఊళ్ళో అప్పన్నలు బోలెడుమంది ఉంటారు కదా సార్?

పాత దస్తావేజులు:
ఉంటారు. అందుకే అర్జీలో ఇంటిపేరు, మీ తాతగారి పేరు, వాళ్ళ అన్నదమ్ముల పేర్లు కూడా రాయండి. 1930 నుంచి 1942 దాకా ఒకేసారి వెతకమని అడగండి, ఏడాదికింత అని రుసుము ఉంటుంది. దొరికిన ప్రతి అప్పన్నకీ నకలు తీసుకోకండి. ముందు ఇండెక్సులో ఊరి పేరు సరిచూసుకుని, తర్వాత తండ్రి పేరు కలిసినవాటికే డబ్బు కట్టండి.