స్క్రూ తలలు కనపడకుండా స్కర్టింగ్ బిగించేదెట్లా?

అనంత_ఇల్లు:
అందరికీ నమస్తే. మాది అనంతపురం, నాన్న కట్టించిన పాత ఇల్లు, కింద అంతా బేతంచెర్ల బండలే. అమ్మకు మోకాళ్ల నొప్పులు, చలికాలంలో బండల మీద కాళ్లు జివ్వుమంటాయని ఆమె గదిలో మాత్రం బండల పైనే ఎస్‌పీసీ ప్లాంకులు (రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలకలు) వేయించాను. చుట్టూ గోడ అడుగున 3 అంగుళాల డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపినది) స్కర్టింగ్ పెట్టాలి, మొత్తం 46 అడుగులు. పోయిన వారం వడ్రంగి గమ్‌తో అతికించిపోతే నాలుగో రోజుకే మంచం వైపు ముక్క ఊడి పడింది. వెనక చూస్తే గమ్ గట్టిగానే ఉంది, దానికి అంటుకుని సున్నం పెచ్చులు పెచ్చులుగా వచ్చేసింది. స్క్రూలు కొట్టేద్దాం అంటాడాయన. అమ్మ రోజంతా ఉండే గది, ఆ తలలు వరసగా కనపడుతుంటే నాకు మనసొప్పదు. గోడకు బిగించి స్కర్టింగ్‌ను వాటికి నొక్కేసే క్లిప్పులు ఎవరైనా వాడారా? గోడ ఇటుకదే.

కడప_చెక్కపని:
తమ్ముడూ, గమ్‌ది తప్పు కాదు, గమ్ పట్టుకున్నది సున్నాన్ని, గోడను కాదు. ఎన్నేళ్లుగానో పూత మీద పూత వేసిన సున్నం గోడకు అంటీ అంటనట్టు ఉంటుంది, దాని మీద ఏది అతికించినా దాంతోపాటే వస్తుంది. సెల్లోటేపు ఒక ముక్క అతికించి గట్టిగా లాగి చూడు, టేపుకు పొడి వస్తే ఆ గోడకు గమ్ ఒక్కటే సరిపోదు.

స్కర్టింగ్ వెనకవైపు పొడవునా గాడి ఉందా, చదునుగా ఉందా? గాడి ఉంటేనే క్లిప్పు పడుతుంది, అదీ ఆ స్కర్టింగ్‌కు తగ్గ క్లిప్పే కావాలి. చదునుదైతే నేను చేసే పద్ధతి చెప్తా. 6 మి.మీ. మందం డబ్ల్యూపీసీ పట్టీని ముందు గోడకు రాల్ ప్లగ్గులు (రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టాలు) వేసి స్క్రూలతో బిగిస్తా, తలలు పట్టీలోకి దిగిపోయేలా. తర్వాత స్కర్టింగ్‌ను ఆ పట్టీకి గమ్‌తో అతికిస్తా. గోడను పట్టుకునేది స్క్రూ, గమ్‌కు దొరికేది శుభ్రమైన పట్టీ, ఇక సున్నంతో పనే లేదు. పట్టీ పై అంచు, స్కర్టింగ్ పై అంచు సమంగా పెట్టి రెండింటికీ ఒకే రంగు వేస్తే పట్టీ ఉన్నట్టే తెలియదు. ప్లైవుడ్ పట్టీ మాత్రం వద్దు, మన ప్రాంతంలో చెదలు గోడ పక్కనుంచే ఎక్కుతాయి. రంధ్రం 6 మి.మీ. బిట్టుతో వేసి ఒకటిన్నర అంగుళం స్క్రూ వాడు, ప్లాస్టరింగే అర అంగుళం పైన ఉంటుంది కాబట్టి అది దాటి ఇటుకలోకి దిగితేనే పట్టు.

మీ వడ్రంగి మాట కూడా కొట్టిపారేయొద్దు. రంగు వేసే స్కర్టింగ్ అయితే స్క్రూ తల లోపలికి దించి పుట్టీ పెట్టి రుద్దితే అదీ కనపడదు. కానీ మళ్లీ ఊడదీయాలంటే పాడవుతుంది.

ఇంకొకటి, గమ్ చుక్క కూడా ప్లాంకుల మీద పడకూడదు. వాటి చుట్టూ 6–8 మి.మీ. సందు వదిలారు కదా, మన ఎండలకు అవి సాగడానికే అది. స్కర్టింగ్ గోడకే అంటాలి, కింద నేలకు కాదు.

కర్నూలు_ఇందిర:
మేము కర్నూల్లో పోయిన ఏడాది క్లిప్పులే పెట్టించాం. అడుగున్నరకు ఒకటి, మూలల దగ్గర మూడు నాలుగు అంగుళాల లోపే ఒకటి. మీ 46 అడుగులకు 40 దాకా తెచ్చుకోండి. నాకు నచ్చింది ఏంటంటే లాగితే వచ్చేస్తుంది, వెనక ఇంటర్నెట్ వైరు వేసుకున్నాం. ఇబ్బంది పెట్టింది గోడ వంకర. మధ్యలో లోతుగా ఉన్నచోట క్లిప్పు వెనక చిన్న ముక్క పెట్టి ముందుకు తేవాలి, లేకపోతే స్కర్టింగ్ పాములా కనపడుతుంది. ఈ మూల నుంచి ఆ మూలకు దారం లాగి చూసుకుంటే ముందే తెలుస్తుంది. డ్రిల్లు పెట్టేముందు మంచం పక్క కరెంటు ప్లగ్గుకు వైరు పైనుంచి వచ్చిందో కిందనుంచి వచ్చిందో కనుక్కోండి, తెలియకపోతే మెయిన్ ఆఫ్ చేయించి బ్యాటరీ డ్రిల్లుతో వేయించండి.

అనంత_ఇల్లు:
చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా. వెనక చదునే, గాడి లేదు, పట్టీ పద్ధతే చేయిస్తా. టేపు లాగితే పొడి పొడిగా వచ్చింది. కానీ బాత్రూమ్ వైపు గోడకు కింద జానెడు ఎత్తు తెల్లగా చవుడు పట్టింది. అక్కడా పట్టీ వేసేయొచ్చా?

కడప_చెక్కపని:
అక్కడ ఇప్పుడే వద్దు. చవుడంటే లోపల చెమ్మ ఉన్నట్టు, నీళ్లతో వచ్చిన ఉప్పు పైకి తేలుతోంది. ప్లాస్టిక్ కవరు ఒకటి గోడకు నాలుగు వైపులా టేపుతో మూసి ఒక రోజు ఉంచు. లోపలివైపు నీటి చుక్కలు కడితే గోడలోంచి చెమ్మ వస్తున్నట్టు, బాత్రూమ్ పైపో టైల్స్ సందో కారుతుండొచ్చు, ముందు ప్లంబర్‌ను పిలిపించు. బాగుచేశాక ఆ ప్లాస్టరింగ్ ఎండేదాకా ఆగు, తొందరపడి కప్పేస్తే పెచ్చులు లోపలే ఊడుతుంటాయి, నీకు కనపడవు. మిగతా మూడు గోడలూ ఇప్పుడే చేయించుకో. అతికించాక ఒక రోజంతా ఇటుకలు ఆనించి ఉంచు, అమ్మ మంచం మరుసటి రోజు జరుపు.