ఫ్లష్ ట్యాంక్‌లో రాత్రిపూట మాత్రమే నీళ్లు ఆగట్లేదు, ఏం చేయాలి?

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ మాది, వాడేది బోరు నీళ్లు. బాత్రూంలో గోడకు బిగించిన ప్లాస్టిక్ ఫ్లష్ ట్యాంక్ నిండాక కూడా నీళ్లు ఓవర్‌ఫ్లో పైపులోంచి కమోడ్‌లోకి కారుతున్నాయి. మట్టం ఆ పైపు అంచుకి ఒక అంగుళం కిందే ఆగాలి కదా! స్క్రూ తిప్పి, నీళ్లపై తేలుతూ వాల్వ్‌ని మూసే ఫ్లోట్‌ని కిందికి దించాను. పగలు బాగానే ఆగుతోంది. రాత్రి అందరూ పడుకున్నాక మళ్లీ అంచు దాకా వచ్చేస్తోంది. అప్పుడు వాడకం తగ్గి ప్రెషర్ పెరుగుతుందనే నా అనుమానం.

ఫ్లోట్ విప్పి ఊపి చూశాను, లోపల నీళ్లు చేరలేదు. ట్యాంక్‌లో కాస్త ఫుడ్ కలర్ కలిపి, ఫ్లష్ చేయకుండా అరగంట ఉంచితే కమోడ్‌లోకి రంగు దిగలేదు. అంటే అడుగు వాషర్ బాగానే ఉన్నట్టు. కానీ నీళ్లు వచ్చే వాల్వ్ చుట్టూ తెల్లగా ఉప్పు గట్టిగా పేరుకుంది.

ప్లంబర్ చూడకుండానే ఫోన్‌లో "మొత్తం సెట్టు మార్చేయాలి సార్" అంటున్నాడు. వాల్వ్ లోపలి చిన్న రబ్బరు వాషర్ ఒక్కటే మారిస్తే సరిపోతుందా? అది విడిగా దొరుకుతుందా? వెనిగర్‌లో నానబెడితే ఆ ఉప్పు వదులుతుందా, రబ్బరు పాడవుతుందా? అప్పటిదాకా యాంగిల్ కాక్ (ట్యాంక్‌కి నీళ్లు వదిలే గోడ కుళాయి) సగం కట్టేసి ఉంచితే పర్వాలేదా? బోరు నీళ్లతో ఈ బాధ పడ్డవాళ్లు కాస్త చెప్పండి.