సిలిండర్ మార్చి ఎగరాలా, ఇంజన్ దించాలా? డీసీ-3 ఆయిల్లో లోహపు రజను

మాగ్నెటో

రెండింజన్ల పాత విమానం డీసీ-3. దాని కుడి ఇంజన్, ఆర్-1830-92 ట్విన్ వాస్ప్: సిలిండర్లు చుట్టూ వలయంలా ఉండే రేడియల్ రకం. విమానం ఎగరడం ఆపేశారు. తొమ్మిదో సిలిండర్‌కి 80 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడితో గాలి పెడితే 22 మాత్రమే నిలుస్తోంది. ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం దగ్గర బుస్సుమని చప్పుడు. బోర్‌స్కోప్‌లో (ప్లగ్ రంధ్రంలోంచి లోపలికి చూసే సన్నటి పరికరం) చూస్తే పిస్టన్ అంచు ఒకవైపు రింగుల దాకా కరిగిపోయింది. ఇంజన్ అడుగున ఆయిల్ చేరే సంప్ ప్లగ్‌లో రింగు ముక్కలు మూడు, ఆయిల్ వడకట్టే మెయిన్ స్క్రీన్ మీద పావు చెంచా మెరిసే రజను. స్పేర్ సిలిండర్ ఉంది, స్పేర్ ఇంజన్ లేదు.

ఒక్క సిలిండరూ ఆయిలూ మార్చి ఎగరొచ్చా? లేక ఇంజన్ దించి ఓవర్‌హాల్‌కి పంపాల్సిందేనా? ఏది చెప్పినా కారణంతో చెప్పండి.

పుష్‌రాడ్

సిలిండర్ మార్చండి. రేడియల్ ఇంజన్‌లో సిలిండర్లను విడివిడిగా బిగించిందే ఇందుకు. పద్నాలుగింటిలో ఒకటి చెడితే మిగతా పదమూడింటినీ విప్పడం దేనికి? ఎక్కడైనా తలకాయ పాడైతే మొండెం పారేస్తారా?

పని వరస ఇది: కౌలింగ్ (ఇంజన్ మీది తొడుగు), బాఫిల్స్ (చల్లగాలిని సిలిండర్ల మీదికి మళ్ళించే రేకులు), ఎగ్జాస్ట్ గొట్టం, ఇన్‌టేక్ పైపు గ్లాండ్ నట్, రెండు ప్లగ్ లీడ్లు, పుష్‌రాడ్లు, వాటి గొట్టాలు. పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్ పై కొసకి తెచ్చి, అప్పుడు అడుగు ఫ్లాంజ్ నట్లు విప్పాలి. ముందుగా మాన్యువల్ తెరిచి మాస్టర్ రాడ్ (వరసలోని మిగతా పిస్టన్ల రాడ్లన్నీ తగిలించి ఉండే ప్రధాన రాడ్) ఏ సిలిండర్లో ఉందో చూసుకోండి. మీరు తీసేది అదే అయితే రాడ్‌కి సపోర్టు పెట్టకుండా సిలిండర్ లాగొద్దు. రాడ్ పక్కకి వాలిందంటే మిగతా పిస్టన్ల అడుగు రింగులు సిలిండర్ స్కర్ట్ కిందికి దిగి విచ్చుకుంటాయి, ఇక పైకి ఎక్కవు. ఒక సిలిండర్ పని నాలుగు సిలిండర్ల పని అవుతుంది.

కొత్త సిలిండర్ బోర్ క్రోమ్ అయితే క్రోమ్ రింగులు వెయ్యొద్దు, కాస్ట్ ఐరన్ రింగులే వెయ్యాలి. క్రోమ్ మీద క్రోమ్ కూర్చోదు, గీకేస్తుంది.

ఆయిల్‌దారి

పుష్‌రాడ్ గారు చెప్పిన పని వరసలో తప్పు పట్టేదేమీ లేదు. కానీ ఆయన జవాబు చెప్పింది సిలిండర్ గురించి. ప్రశ్నలో అసలు మాట "స్క్రీన్ మీద" అన్నది.

ఈ ఇంజన్‌లో ఆయిల్ నడిచే దారి చూడండి. సంప్‌లోంచి స్కావెంజ్ పంపు లాగుతుంది, అక్కడి నుంచి కూలర్‌కి, కూలర్ నుంచి ట్యాంకుకి, ట్యాంకు నుంచి ప్రెషర్ పంపుకి. ఆ తర్వాతే మెయిన్ స్క్రీన్, దాని తర్వాత బేరింగులు. సంప్ ప్లగ్‌లో దొరికిన ముక్క ఇంకా ఇల్లు కదల్లేదు. మెయిన్ స్క్రీన్ మీద దొరికిన రజను మాత్రం కూలర్, ట్యాంకు రెండూ తిరిగి వచ్చిందన్నమాట. పావు చెంచా స్క్రీన్ మీదే ఉందంటే కూలర్ తేనెపట్టు గదుల్లో ఎంత ఇరుక్కుని ఉండాలి? పైగా స్క్రీన్ మూసుకుపోతే బైపాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. అప్పటి నుంచి వడకట్టని ఆయిలే బేరింగులకి వెళ్తుంది.

ఇంకొకటి. హైడ్రోమాటిక్ ప్రొపెల్లర్ రెక్కల కోణం మారేది ఇదే ఆయిల్‌తో. ఇంజన్ ఆగితే రెక్కలు గాలికి అడ్డుపడకుండా అంచువైపు తిప్పడమే ఫెదరింగ్. ఆ పంపు ఆయిల్ తీసుకునేది ట్యాంకు అడుగు నుంచి, రజను దిగి కూర్చునేదీ ఆ అడుగునే. బరువు నిండా ఉన్న డీసీ-3 ఒక ఇంజన్ మీద ఎక్కడమే అంతంతమాత్రం. ఆగిన ఇంజన్ ప్రొపెల్లర్ ఫెదర్ కాకపోతే ఆ మాత్రం కూడా ఉండదు. ఆయిల్ మార్చడమంటే ట్యాంకులో ఉన్న 110 లీటర్లు పారబోసి కొత్తది పొయ్యడం అనుకుంటే పొరపాటు.

నా ఓటు ఇంజన్ దించడానికే.

ఆమ్లపరీక్ష

ఓట్లు తర్వాత. ఆ రజను ఏ లోహమో తెలియకుండా రెండు పక్షాలూ చీకట్లో బాణాలేస్తున్నాయి. పెట్రోల్‌తో కడిగి, ఆరబెట్టి, తెల్లకాగితం మీద పరిచి, ముందు అయస్కాంతం పెట్టండి. అంటుకున్నది ఉక్కు, పోత ఇనుము: రింగులు, గేర్లు, రోలర్లు. మిగిలినదాన్ని మూడు భాగాలు చెయ్యండి.

టంకం పూసిన శుభ్రమైన సాల్డరింగ్ ఐరన్‌ని సుమారు 260 డిగ్రీల సెల్సియస్‌కి వేడి చేసి ఒక భాగం మీద ఆనించండి. కరిగి టంకంలో కలిసిపోతే తగరం లేదా సీసం. రెండో భాగం మీద ఒక చుక్క హైడ్రోక్లోరిక్ ఆమ్లం వెయ్యండి. బుడబుడ పొంగి నల్లటి మడ్డి మిగిలితే అల్యూమినియం. మూడో భాగం మీద ఒక చుక్క నత్రికామ్లం. చిక్కటి ఆకుపచ్చ మబ్బు లేస్తే రాగి లేదా కంచు. మెల్లగా తెల్లటి మంచులాంటిది కమ్మితే వెండి. రెండు ఆమ్లాలూ ఒకే గాజు పళ్ళెంలో కలవకూడదు, చేతికి తొడుగు ఉండాలి, గాలి ఆడే చోట చెయ్యాలి.

వెండి వస్తే చర్చ లేదు. ఈ ఇంజన్‌లో మాస్టర్ రాడ్ బేరింగ్ వెండి మీద సీసం, ఇండియం పూతలు వేసింది. పైపూతలు పోయి వెండి రాలుతోందంటే ఆ ఇంజన్‌ని నేల మీద కూడా నడపొద్దు.

మాగ్నెటో

పరీక్ష చేశాం. ఎక్కువ భాగం అల్యూమినియం, అయస్కాంతానికి అంటింది కొంచెం. నత్రికామ్లంలో ఏమీ కదల్లేదు.

పుష్‌రాడ్

అంటే పిస్టనూ రింగులూ తప్ప మరేమీ కాదు. నా మాట అదే. ఆయిల్‌దారి గారి అభ్యంతరానికి జవాబు ఇంజన్ దించడం కాదు, దారి మొత్తం శుభ్రం చెయ్యడం. ట్యాంకు దించి కడగండి. ప్రొపెల్లర్ డోమ్ (రెక్కల కోణం మార్చే ఆయిల్ చేరే ముందు గుమ్మటం) విప్పి లోపల వేలితో తుడిచి చూడండి. ప్రొపెల్లర్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ స్క్రీన్ తీయండి. తర్వాత నేల మీద అరగంట నడిపి స్క్రీన్ చూడండి, ఇంకో అరగంట పవర్ పెంచి నడిపి మళ్ళీ చూడండి. రెండోసారి కూడా శుభ్రంగా ఉంటేనే గాల్లోకి.

ఆయిల్‌దారి

అల్యూమినియం మెత్తన కాబట్టి ప్రమాదం లేదనుకోకండి. మెత్తటి బేరింగ్ పూతలో అది దిగబడి కూర్చుంటుంది. దిగబడ్డది స్క్రీన్‌కి రాదు, అందుకే స్క్రీన్ శుభ్రంగా కనిపిస్తుంది. మీ అరగంట పరీక్ష అక్కడే మోసపోతుంది.

పద్దెనిమిది సిలిండర్లు

పక్క మాట ఒకటి. ఇదే ప్రశ్న సూపర్ కాన్స్టెలేషన్ మీది ఆర్-3350 టర్బో కాంపౌండ్‌కి వస్తే నా జవాబు వేరు. అక్కడ ఆరేసి సిలిండర్ల పొగ ఒక్కో టర్బైన్‌కి వెళ్తుంది, అలాంటివి మూడు. పిస్టనో వాల్వో విరిగితే ముక్క ఆయిల్లోకే కాదు, ఎగ్జాస్ట్‌లోంచి టర్బైన్ రెక్కల్లోకీ పోతుంది. ఆ టర్బైన్ విప్పి చూడకుండా సిలిండర్ మార్పు ముగిసిందనడానికి లేదు. కాకపోతే అది నాలుగింజన్ల విమానం, ప్రత్యేక అనుమతి తీసుకుని ప్రయాణికులు లేకుండా మూడింటితో హ్యాంగర్‌కి చేర్చే వీలుంది. డీసీ-3కి ఆ వెసులుబాటు లేదు. ఎక్కడ ఆగిందో అక్కడే బాగు చెయ్యాలి.

ఏడు ఎనిమిది తొమ్మిది

అసలు తొమ్మిదోదే ఎందుకు కాలింది? దీనికి జవాబు దొరక్కుండా కొత్త సిలిండర్ వేస్తే అదీ కాలుతుంది.

పిస్టన్ అంచు కరిగిందంటే డిటొనేషన్ (మిశ్రమం మెల్లగా మండకుండా ఒక్కసారి పేలడం) గానీ ప్రీ-ఇగ్నిషన్ (ప్లగ్ నిప్పుకి ముందే అంటుకోవడం) గానీ. ఒక్క సిలిండర్‌కే వచ్చిందంటే కారణం ఆ సిలిండర్ చుట్టూనే ఉండాలి. ఇన్‌టేక్ పైపు గ్లాండ్ రబ్బరు గట్టిపడి గాలి పీలుస్తోందా? అలా పీలిస్తే ఆ ఒక్కదానికే మిశ్రమం పలచనవుతుంది. బాఫిల్ వదులై చల్లగాలి పక్కనుంచి జారిపోతోందా? ప్లగ్ హీట్ రేంజ్ తప్పా? కాక్‌పిట్‌లో హెడ్ టెంపరేచర్ మామూలుగానే ఉందని సర్దుకోవద్దు, ఆ ముల్లు సాధారణంగా చూపేది ఒక్క సిలిండర్ వేడినే.

ఇంకో సంగతి. ఈ ఇంజన్ అడుగున ఉండేవి 7, 8, 9. రోజుల తరబడి నిలబెడితే ఆయిల్ దిగేది వీటిలోకే. స్టార్ట్ చేసే ముందు ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పినప్పుడు గట్టిగా ఆగిపోతే అడుగు సిలిండర్ల ప్లగ్ తీసి ఆయిల్ వదిలెయ్యాలి. బలవంతంగా ముందుకి తోసినా, స్టార్టర్ నొక్కినా లింక్ రాడ్ (మాస్టర్ రాడ్‌కి తగిలించిన రాడ్) వంగుతుంది. వెనక్కి తిప్పితే ఆయిల్ ఇన్‌టేక్ పైపులోకి వెళ్ళి, స్టార్ట్ అయ్యాక తిరిగి సిలిండర్లోకే వస్తుంది. వంగిన రాడ్ ఆ రోజే విరగదు, ఎన్నో గంటలు నడిచాక విరుగుతుంది. సిలిండర్ తీశాక తొమ్మిదో రాడ్ నిటారుగా ఉందో లేదో కొలవండి. ఏడు, ఎనిమిదిలో కూడా ప్లగ్ రంధ్రం నుంచి పిస్టన్ పై కొస దాకా లోతు కొలిచి, పైనున్న సిలిండర్ల కొలతతో పోల్చండి. లోతు ఎక్కువ వస్తే ఆ రాడ్ వంగినట్టే.

థ్రాటిల్

బేరింగ్ సంగతి ఎటూ వచ్చింది కాబట్టి నడిపేవాళ్ళకి ఒక మాట. దిగేటప్పుడు ఆర్‌పీఎం ఎక్కువ ఉంచి థ్రాటిల్ మొత్తం మూస్తే ప్రొపెల్లరే ఇంజన్‌ని తిప్పుతుంది, మాస్టర్ రాడ్ బేరింగ్ మీద బరువు తిరగబడుతుంది. ప్రతి 100 ఆర్‌పీఎంకి కనీసం ఒక అంగుళం మానిఫోల్డ్ ప్రెషర్ (ఇన్‌టేక్‌లో ఒత్తిడి, పాదరసం అంగుళాల్లో) అన్న పాత లెక్క అందుకే పుట్టింది. 2000 ఆర్‌పీఎం ఉంటే 20 అంగుళాలకి తగ్గొద్దు. ఈ లెక్కని కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు. ఇలా రజను తిరిగిన ఇంజన్‌కి మాత్రం దాన్ని తప్పక పాటించాలని నా అభిప్రాయం.

మాగ్నెటో

డోమ్, గవర్నర్ స్క్రీన్ శుభ్రంగా ఉన్నాయి. ట్యాంకు అడుగున కొద్దిగా రజను. కూలర్ వంచి పోస్తే వచ్చిన ఆయిల్లో మెరుపు బాగా ఉంది. ఇన్‌టేక్ గ్లాండ్ రబ్బరు రాయిలా ఉంది, గోరు దిగడం లేదు.

ఆయిల్‌దారి

డోమ్ శుభ్రంగా ఉందంటే నేను కొంచెం వెనక్కి తగ్గుతాను. తొమ్మిదో సిలిండర్ తీశాక ఆ రంధ్రంలోంచి వెనుక వరస క్రాంక్‌పిన్ (మాస్టర్ రాడ్ తగిలి ఉండే క్రాంక్‌షాఫ్ట్ భాగం) కనిపిస్తుంది. దీపం, బోర్‌స్కోప్ పెట్టి మాస్టర్ రాడ్ పక్కలు చూడండి. నీలం రంగు తిరిగినా, అంచున లోహం పాకినట్టున్నా ఇంజన్ దించండి. ఏమీ లేకపోతే పుష్‌రాడ్ గారి పద్ధతే కానివ్వండి. అయితే మొదటి పది గంటలు ప్రయాణికులు ఎక్కకూడదు, ప్రతి ఫ్లైట్ తర్వాత స్క్రీన్ చూడాలి.

పుష్‌రాడ్

పది గంటల షరతుకి ఒప్పుకుంటాను. కూలర్ విషయంలో మీరు చెప్పిందే నిజమైంది. దాన్ని హ్యాంగర్‌లో సాల్వెంట్ పోసి కడిగితే శుభ్రం కాదు. గదుల్లో ఇరుక్కున్న రజను వేడెక్కి ఆయిల్ పలచబడ్డాకే కదులుతుంది, అదీ కొత్త సిలిండర్ పెట్టి ఎగిరిన మొదటి గంటలో. అలాంటి కూలర్‌ని పక్కన పెట్టి, ఓవర్‌హాల్ చేసినది బిగించాలి. మాగ్నెటో గారూ, సిలిండర్ చేతిలోనే ఉంది కదా, కూలర్ వెతికే పని ముందు మొదలుపెట్టండి.