అమెరికా నుంచి తిరిగొచ్చాక అక్కడి రివార్డ్స్ క్రెడిట్ కార్డు: అడ్రస్ ప్రూఫ్ ఏమివ్వాలి?

హెచ్1బీ ముగించుకుని హైదరాబాద్ వచ్చేశాను. ఎస్‌ఎస్‌ఎన్ (అమెరికా సోషల్ సెక్యూరిటీ నంబరు) ఉంది, అమెరికా బ్యాంకు ఖాతా నడుస్తోంది, క్రెడిట్ స్కోరు 740 పైనే. ఉన్న పాత కార్డు డాలర్లలో కాని ప్రతి ఖర్చుకీ 3 శాతం ఫీజు లాగేస్తోంది. అందుకే ఆ ఫీజు లేని ట్రావెల్ రివార్డ్స్ కార్డుకి అప్లై చేశాను.

మొదట వర్చువల్ మెయిల్‌బాక్స్ (మన ఉత్తరాలు తీసుకుని స్కాన్ చేసి పంపే సర్వీసు) అడ్రస్ ఇస్తే, అది కమర్షియల్ అడ్రస్ అని ఫారమ్ అక్కడే ఆగిపోయింది. తర్వాత టెక్సాస్‌లో ఉండే అన్నయ్య ఇంటి అడ్రస్ మెయిలింగ్‌కి మాత్రం ఇచ్చి, నివాసం హైదరాబాద్ అనే రాశాను (ఉండని చోట ఉన్నట్టు రాయడం నాకిష్టం లేదు). అప్లికేషన్ రివ్యూలో పడింది. నా పేరు మీద అమెరికా కరెంటు బిల్లో, లీజో 30 రోజుల్లో పంపమని ఉత్తరం వచ్చింది. బ్యాంకు స్టేట్‌మెంట్, డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే జీతం, పన్ను ఫారమ్) పంపితే కుదరదన్నారు. డ్రైవింగ్ లైసెన్స్ గడువు అయిపోయింది. పైగా ఇంటర్నెట్ మీద నడిచే నా అమెరికా ఫోన్ నంబరుకి వాళ్ల ఓటీపీ రాదు, అదో టెన్షన్. దానికి అన్నయ్య ఫ్యామిలీ ప్లాన్‌లో ఒక లైన్ తీసుకున్నాను, ఇప్పుడు వస్తోంది.

అన్నయ్య కార్డులో ఆథరైజ్డ్ యూజర్‌గా (ఆయన ఖాతా మీదే నాకో కార్డు) చేరొచ్చు కానీ పాయింట్లు ఆయన ఖాతాలోకే వెళ్తాయి. డిపాజిట్ కట్టి తీసుకునే సెక్యూర్డ్ కార్డు ఈ స్కోరుతో అనవసరం.

ఇండియాలో ఉంటూనే, నివాసం ఇక్కడేనని చెప్పి అమెరికా రివార్డ్స్ కార్డు తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, కరెంటు బిల్లు, లీజు బదులు మీ దగ్గర ఏ డాక్యుమెంట్ ఒప్పుకున్నారు?