మోనోలాగ్‌ను తెలుగులో స్వగతమనాలా, ఏకపాత్రాభినయమనాలా?

ప్రశ్న: తెలుగు అధ్యాపకురాలు, హన్మకొండ

అందరికీ నమస్కారం. మా జూనియర్ కళాశాల వార్షికోత్సవంలో ఒక అంశానికి ఇంగ్లీషు అధ్యాపకులు ‘మోనోలాగ్’ అని పేరు పెట్టి, ఆహ్వానపత్రంలో వేయడానికి తెలుగు మాట చెప్పమన్నారు. నేను ‘స్వగతం’ అని రాస్తే, దాన్ని ‘ఏకపాత్రాభినయం’ అనాలని మరొకరు దిద్దారు. మయసభలో భంగపడిన దుర్యోధనుడి వేషం కట్టే విద్యార్థి మాత్రం రెండూ ఒకటేనంటున్నాడు. వీటి మధ్య తేడా ఏమిటి? నిత్యజీవితంలో మనం మాట్లాడే మాటల్లో కూడా మోనోలాగ్ అనదగినది ఉంటుందా?

జవాబు 1: విశ్రాంత తెలుగు ఉపన్యాసకుడు, వరంగల్

అమ్మా, మోనోలాగ్ అంటే గ్రీకు మూలాన్ని బట్టి ఒక్కరి మాట అని మాత్రమే అర్థం. ఆ మాట ఎవరికోసమన్నది ఆ పదం చెప్పదు. మన నాట్యశాస్త్రకారులు సరిగ్గా ఆ విషయాన్నే పట్టుకొని పేర్లు పెట్టారు. రంగం మీద ఉన్న అందరూ వినదగినది ప్రకాశం. పక్కవారెవరికీ వినబడనట్టు, ప్రేక్షకులకు మాత్రమే తెలిసేట్టు పాత్ర తనలో తాను అనుకొనేది స్వగతం. త్రిపతాక హస్తం, అంటే ఉంగరపు వేలు మాత్రం మడిచిన చెయ్యి, అడ్డుపెట్టి, తక్కినవారికి తెలియకుండా ఒకరితో ఆడే మాట జనాంతికం. రంగం మీద లేని మనిషి ఏదో అన్నట్టు ‘ఏమంటున్నావు?’ అని అడిగి, ఆ జవాబును కూడా తానే పలికేది ఆకాశభాషితం. దశరూపకాలలో, అంటే పది రకాల సంస్కృత నాటకాలలో, ఒకటైన భాణం ఒకే అంకం, ఒకే పాత్ర ఉన్న రూపకం గనుక అది మొత్తంగా ఈ ఆకాశభాషితం మీదనే నడుస్తుంది.

ఏకపాత్రాభినయం ప్రదర్శనకు పేరు, స్వగతం మాటకు పేరు. మీ విద్యార్థి దుర్యోధనుడు ఒంటరిగా తన అవమానాన్ని తలచుకొని రగిలిపోతాడు గనుక అక్కడ రెండూ కలిసివచ్చాయి. అదే దుర్యోధనుడు నిండుసభలో కృష్ణుడికి బదులు చెప్పే ఘట్టాన్ని ఒక్కడే అభినయిస్తే అది ఏకపాత్రాభినయమే గాని స్వగతం కాదు. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ గిరీశం ఒంటరి మాటలతోనే మొదలవుతుంది. ఊళ్లో తన పరపతి ఎంత చెడిందో అతడు ఎవరి ముందూ ఒప్పుకోడు. ఆ నిజం ప్రేక్షకుడికి అందాలంటే గురజాడకు స్వగతమే దారి.

జవాబు 2: రంగస్థల నటుడు, జనగామ

పెద్దలు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. వేదిక మీద ఒక్కరే మాట్లాడినంత మాత్రాన అది మోనోలాగ్ కాదు. మన ఓరుగల్లు బిడ్డ నేరెళ్ల వేణుమాధవ్ గారు ఒక్క గొంతులో ఎందరినో పలికించారు, కాని అది ధ్వన్యనుకరణ. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు ఎంత పొడుగు వచనం చెప్పినా వంతపాటగాళ్లు అందుకుంటూ, మధ్యలో ప్రశ్నలు వేస్తూనే ఉంటారు. స్వగతానికి ఆ ఊతం ఉండదు. అందుకే పిల్లలు భయపడి గొంతు పెంచుతారు. మీ విద్యార్థిని ప్రేక్షకుల కళ్లలోకి చూడవద్దనండి; చూశాడంటే స్వగతం ఉపన్యాసమైపోతుంది. ఒక ఆలోచన తెగి మరొకటి పుట్టే చోట ఆగడం నేర్పిస్తే చాలు, అరుపు దానంతట అదే తగ్గుతుంది.

జవాబు 3: గృహిణి, కరీంనగర్

మీ రెండో ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. ఆర్టీసీ బస్సులో పక్కసీటు మనిషి ఫోనులో ‘ఏందీ, రేపొస్తవా? అన్నం తినే వస్తవా?’ అని అవతలి మాటను కూడా తానే తిరిగి చెబుతుంటే, పై జవాబు చదివాక నాకది అచ్చంగా ఆకాశభాషితమే అనిపించింది. మన దగ్గర ముచ్చట అంటే ఊ కొట్టేవారుండాలి; ఎదుటివారికి ఊ కొట్టే సందు కూడా ఇవ్వకపోతే దాన్ని ఊకదంపుడు అంటాం. వీటన్నిటికంటె బరువైనది చావింట్లో ఆడవాళ్లు రాగం తీసి పెట్టే శోకం. పోయిన మనిషినే పేరుపెట్టి పిలుస్తూ, నిలదీస్తూ, ఎవరికీ చెప్పుకోని కష్టాలన్నీ చెప్పుకుంటారు. జవాబు రాదని తెలిసే అడుగుతారు. చుట్టూ ఉన్నవాళ్లు వింటున్నారనీ వాళ్లకు తెలుసు. బతికి ఉన్నప్పుడు అత్తతో అనలేని మాటను ఆమె శవం ముందు అన్న కోడళ్లను నేను చూశాను. అది స్వగతమా, ప్రకాశమా అన్నది పెద్దలే చెప్పాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఆహ్వానపత్రంలో ‘ఏకపాత్రాభినయం: దుర్యోధనుడి స్వగతం’ అని వేయిస్తున్నాను. కరీంనగర్ అక్కగారూ, శోకం గురించి మీరు రాసినదాన్ని రేపు తరగతిలో చదివి వినిపిస్తాను.